ఆయాసం లెక్కలు – నాలుగో పాఠం: ఊపిరితిత్తుల గుండా నెత్తురు

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్క. 70 కిలోల మనిషి. ట్రెడ్‌మిల్ మీద “ఇక నా వల్ల కాదు” అనే దాకా పరిగెత్తిస్తే నిమిషానికి 2,800 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడాడు. ధమనిలో నెత్తురు లీటరుకు 200 మి.లీ. ఆక్సిజన్ మోస్తోంది. కండరాలు తీసుకోగా మిగిలి గుండెకు తిరిగొచ్చిన నెత్తురులో లీటరుకు 50 ఉంది. అంటే లీటరుకు 150 ఖర్చు. ఫిక్ సూత్రం ప్రకారం 2,800ని 150తో భాగిస్తే 18.7. గుండె నిమిషానికి 18.7 లీటర్లు తోసిందన్నమాట. ఇదే మనిషి కుర్చీలో కూర్చున్నప్పుడు నిమిషానికి 250 మి.లీ. ఆక్సిజన్ వాడతాడు, లీటరుకు 50 ఖర్చు. 250ని 50తో భాగిస్తే 5 లీటర్లు. జవాబు కుదిరినవాళ్లు ముందుకు రండి. కుదరనివాళ్లు మూడో పాఠం ఇంకోసారి చూడండి. ఈ రెండు అంకెలూ, 5, 18.7, ఇవాళ పాఠమంతా మన వెంటే ఉంటాయి.

ఆ 18.7 లీటర్లూ ఎటు పోయాయని అడిగితే అందరూ కాళ్లకు అంటారు. నిజమే, పరుగులో సింహభాగం కాలి కండరాలదే. అయితే మెదడు, మూత్రపిండాలు, కండరాలు, చర్మం గుండె తోసిన నెత్తురును వాటాలు వేసుకుంటాయి. ఊపిరితిత్తులకు అలాంటి వాటా లేదు. మొత్తం 18.7 లీటర్లూ ఒక్క చుక్క మినహాయింపు లేకుండా వాటి గుండా పోయి, గాలి తాకి, ఆ తర్వాతే ఒంట్లోకి పోవాలి. పక్కదారి లేదు. (ఊపిరితిత్తుల కణజాలానికి, గుండె కండరానికి సంబంధించిన కొద్దిపాటి సిరల నెత్తురు ఈ దారి తప్పించుకుంటుంది. మన లెక్కకు అది అక్కర్లేదు.)

ఆయాసం రాగానే మనం “గాలి చాలట్లేదు” అనేస్తాం. ఊపిరితిత్తుల జబ్బు లేనివాళ్లకు గాలి దాదాపు ఎప్పుడూ చాలుతుంది. ఎంత గట్టిగా పరిగెత్తినా, ఇంకాస్త గాలి పీల్చగల సత్తా మిగిలే ఉంటుంది. ముందు అయిపోయేది నెత్తురు పంపే సత్తా. అందుకే ఈ పాఠం గాలి వైపు కాకుండా నెత్తురు వైపు నుంచి ఊపిరితిత్తులను చూస్తుంది. పాఠం అయ్యేసరికి మీరు మూడు లెక్కలు చేయగలగాలి: నెత్తురు గాలి పక్కన ఎంతసేపు ఉంటుంది, దారి ఎంత అడ్డుతోంది, శ్రమ పెరిగేకొద్దీ పీడనం ఎంత నిటారుగా పెరుగుతోంది. వాటితో పాటు ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో ఒక లైను చదవడం కూడా.

దారి, దాని పీడనం

స్కూల్లో చదివిందే. కుడి జఠరిక నుంచి పుపుస ధమని, అక్కణ్ణుంచి వాయుగోణుల (ఊపిరితిత్తుల్లోని చిన్న చిన్న గాలి తిత్తుల) చుట్టూ అల్లుకున్న కేశనాళికలు, తర్వాత పుపుస సిరలు, ఎడమ కర్ణిక. ఇది చాలా పాత సంగతి. గుండె మధ్య గోడలో కనబడని రంధ్రాలున్నాయని, వాటిగుండా నెత్తురు కుడి నుంచి ఎడమకు ఇంకుతుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ చెప్పిన మాటను 13వ శతాబ్దంలోనే కైరోలో వైద్యుడిగా ఉన్న ఇబ్న్ అల్ నఫీస్ కొట్టిపారేశాడు. గోడ గట్టిది, నెత్తురు ఊపిరితిత్తుల గుండానే పోవాలి అన్నాడు. కేశనాళికలను కళ్లారా చూసింది మాత్రం 1661లో ఇటలీ శాస్త్రవేత్త మాల్పిగీ, అదీ కప్ప ఊపిరితిత్తిలో.

మనకు పని ఉన్నది పీడనంతో. చేతికి పట్టీ కట్టి చూసే బీపీ 120/80 అయితే సగటు సుమారు 93 (80కి తేడా 40లో మూడో వంతు కలపండి). పుపుస ధమనిలో, విశ్రాంతిలో, ఆరోగ్యవంతుల సగటు దాదాపు 14. రెండూ పాదరసం మిల్లీమీటర్లలోనే. ఒకే గుండె, నిమిషానికి ఒకే 5 లీటర్లు, అయినా ఒక పక్క 93, ఇంకో పక్క 14. కుడి జఠరిక గోడ మందం 3 నుంచి 5 మిల్లీమీటర్లే. ఎడమ దానికి దాదాపు రెట్టింపు, ఇంకా ఎక్కువ కూడా. తక్కువ పీడనంతో పని జరిగే చోట బలమైన గోడ ఎందుకు?

ఈ 14ను చేతి పట్టీతో కొలవలేం. సిర గుండా సన్నటి గొట్టం గుండెలోకి పంపాలి. జర్మనీలోని ఎబర్స్‌వాల్డేలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరు 1929లో తన చేతి సిరలోంచే గొట్టం గుండెదాకా తోసుకుని, ఎక్స్‌రే తీయించుకున్నాడు. దాన్ని పద్ధతిగా మార్చిన కూర్నాన్, రిచర్డ్స్‌తో కలిపి 1956లో నోబెల్ ఇచ్చారు. మనం ఇవాళ వాడే అంకెలన్నీ ఆ గొట్టం పుణ్యమే.

మొదటి లెక్క: గాలి పక్కన ఎంతసేపు

ఊపిరితిత్తుల కేశనాళికల్లో ఏ క్షణంలోనైనా ఉండే నెత్తురు, విశ్రాంతిలో, సుమారు 75 మి.లీ. అంతే, ఒక చిన్న టీ గ్లాసుడు. అది పలుచగా ఒక పెద్ద గది నేలంత మేర పరుచుకుని ఉంటుంది. గాలికీ నెత్తురుకీ మధ్య ఉన్న పొర మందం మైక్రాన్‌లో సగం కూడా ఉండదు.

సూత్రం సులువు: కేశనాళికల్లో ఉన్న నెత్తురును సెకనుకు పారే నెత్తురుతో భాగించండి. నిమిషానికి 5 లీటర్లంటే సెకనుకు 83 మి.లీ. 75ని 83తో భాగిస్తే 0.9 సెకను. పుస్తకాల్లో తరచుగా 0.75 సెకను కనిపిస్తుంది, వాళ్లు నిమిషానికి 6 లీటర్లు తీసుకుంటారు కాబట్టి. ఎర్ర రక్తకణం ఆక్సిజన్ నింపుకోవడానికి దాదాపు 0.25 సెకను చాలు. అంటే కూర్చున్నప్పుడు మూడో వంతు సమయంలోనే పని అయిపోయి, మిగతా సేపు కణం పని లేకుండా గడిపేస్తుంది. ప్రకృతి దాచిపెట్టిన మిగులు అది.

ఇప్పుడు పరుగు. 18.7 లీటర్లంటే సెకనుకు 312 మి.లీ. కేశనాళికల్లో నెత్తురు 75 దగ్గరే ఆగిపోతే, 75ని 312తో భాగిస్తే 0.24 సెకను. సరిగ్గా అంచు మీద. అయితే అలా జరగదు. శ్రమలో మూసుకుపోయి ఉన్న కేశనాళికలు తెరుచుకుంటాయి, తెరిచి ఉన్నవి కాస్త ఉబ్బుతాయి, లోపలి నెత్తురు 180, 200 మి.లీ. దాకా పోతుంది. 180ని 312తో భాగిస్తే 0.58 సెకను. పారుదల నాలుగు రెట్లకు దగ్గరగా పెరిగినా సమయం మూడో వంతే తగ్గింది. మామూలు మనిషికి పరుగులో కూడా ఆక్సీమీటర్ అంకె పెద్దగా కదలకపోవడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక వింత ఉంది. ఈ మిగులు అయిపోయేది మామూలువాళ్లకు కాదు, మేటి ఓర్పు క్రీడాకారులకు. వాళ్ల గుండె నిమిషానికి 35 లీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ తోస్తుంది. కేశనాళికలు మాత్రం గుండెంతగా పెరగవు. 1984లో డెంప్సీ బృందం బాగా సాధన చేసిన పరుగువీరుల ధమని నెత్తురు తీసి చూస్తే, కొందరిలో గరిష్ఠ శ్రమ దగ్గర ఆక్సిజన్ పడిపోయింది. 1989లో పవర్స్, ఆయన తోటివాళ్లు మామూలు గాలికి బదులు 26 శాతం ఆక్సిజన్ ఉన్న గాలి ఇచ్చి పరీక్షించారు. ఆక్సిజన్ పడిపోయే మేటి ఆటగాళ్ల గరిష్ఠ సామర్థ్యం పెరిగింది. మామూలువాళ్లకు తేడా రాలేదు. మామూలువాళ్ల పరిమితి ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ ఎక్కడం కాదని ఈ ప్రయోగం తేల్చింది. పార్కుల దగ్గర ఆక్సిజన్ డబ్బాలు అమ్మేవాళ్లకు ఈ సంగతి చెప్పి లాభం లేదనుకోండి.

రెండో లెక్క: దారి ఎంత అడ్డుతోంది

అడ్డు అంటే పీడనాల తేడాను పారుదలతో భాగించగా వచ్చేది. తేడా ఎక్కడెక్కడికి? పుపుస ధమని సగటు పీడనం నుంచి ఎడమ కర్ణిక పీడనం తీసేయాలి. ఎడమ కర్ణికలోకి నేరుగా పోవడం కష్టం కాబట్టి గొట్టం చివర చిన్న బెలూన్ ఉబ్బించి పుపుస ధమని కొమ్మను మూసి, అవతలి పీడనం చదువుతారు. దాన్ని వెడ్జ్ పీడనం అంటారు, డాక్టర్లు తెలుగులో మాట్లాడినా ఆ మాటే అంటారు. విశ్రాంతిలో అది 8 అనుకోండి.

మన మనిషికి: 14లోంచి 8 తీస్తే 6. దాన్ని 5 లీటర్లతో భాగిస్తే 1.2. ఈ ప్రమాణాన్ని వుడ్ యూనిట్ అంటారు, పాల్ వుడ్ అనే బ్రిటిష్ గుండె డాక్టరు పేరున. 2 లోపు ఉంటే మామూలు.

ఈ 1.2 మారకుండా అలాగే ఉంటే పరుగులో ఏమవుతుందో చూడండి. 18.7ని 1.2తో గుణిస్తే 22.4. శ్రమలో ఎడమ కర్ణిక పీడనం కూడా పెరుగుతుంది, 15 అనుకుందాం. మొత్తం 37. నిజంగా కొలిస్తే మన మనిషి లాంటివాడికి 30 దగ్గర ఉంటుంది. వెనక్కి లెక్క కట్టండి: 30లోంచి 15 తీస్తే 15, దాన్ని 18.7తో భాగిస్తే 0.8. అడ్డు మూడో వంతు తగ్గింది. మామూలు నీళ్ల గొట్టాల్లో పారుదల పెంచితే ఒరిపిడి పెరుగుతుందని భయపడతాం, ఇక్కడ దారే విశాలమైపోతోంది.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ రోడ్డున పంతంగి టోల్‌గేట్ దగ్గర ఏం చేస్తారో గుర్తు తెచ్చుకోండి. బండ్లు పెరిగేకొద్దీ ఆంధ్రా వైపు మూసి ఉన్న గేట్లు తెరుస్తారు. ఊపిరితిత్తుల్లో జరిగేదీ అదే. నిలబడ్డ మనిషిలో ఊపిరితిత్తుల పైభాగానికి విశ్రాంతిలో నెత్తురు సరిగ్గా అందదు, 14 పీడనం అంత ఎత్తుకు నెత్తురును ఎక్కించలేదు. శ్రమలో పీడనం కాస్త పెరగగానే అక్కడి గేట్లన్నీ తెరుచుకుంటాయి. దీని తర్వాత ఉబ్బడం. పుపుస నాళాల గోడలు పలుచన, ఒక మిల్లీమీటరు పీడనం పెరిగితే వ్యాసం ఒకటి రెండు శాతం పెరుగుతుంది. చిన్న మాటలా ఉంది గానీ, అడ్డు వ్యాసార్ధానికి నాలుగో ఘాతంలో మారుతుంది. వ్యాసం 10 శాతం పెరిగితే 1.1ని నాలుగుసార్లు గుణించండి, 1.46 వస్తుంది. అంటే అదే పీడనానికి ఒకటిన్నర రెట్లు నెత్తురు పారుతుంది.

వయసు పెరిగేకొద్దీ ఈ ఉబ్బే గుణం తగ్గుతుంది. అరవై దాటినవాళ్లకు అదే మెట్లు ఎక్కినా ఆయాసం ఎక్కువ కావడానికి కండరాలు, గుండెతో పాటు ఇదీ ఒక కారణం.

మూడో లెక్క: ఏటవాలు

గరిష్ఠ శ్రమలో పుపుస ధమని పీడనం 30 అంటే మంచిదా చెడ్డదా? ఒక్క ఆ అంకెతో చెప్పలేం. 18.7 లీటర్లు తోస్తూ 30 అయితే భేషుగ్గా ఉన్నట్టు. 8 లీటర్లకే 30 దాటితే ఏదో అడ్డుపడుతోంది. అందుకే పీడనం ఎంత పెరిగింది అన్నదాన్ని పారుదల ఎంత పెరిగింది అన్నదానితో భాగిస్తారు. ఇదే ఏటవాలు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్నే పెట్టుకోండి.

మన మనిషి: పీడనం 14 నుంచి 30కి, అంటే 16. పారుదల 5 నుంచి 18.7కు, అంటే 13.7. భాగిస్తే 1.2.

ఇప్పుడు ఇంకొకామె. 60 కిలోలు, నలభై ఐదేళ్లు. నడిస్తే ఆయాసం, ఛాతీ ఎక్స్‌రే బాగుంది, స్పైరోమీటర్‌లో ఊదితే బాగుంది, హిమోగ్లోబిన్ బాగుంది. “టెన్షన్ వల్ల, బరువు తగ్గండి” అని పంపేస్తుంటారు. గొట్టం పెట్టి సైకిల్ తొక్కిస్తే: విశ్రాంతిలో పీడనం 22, పారుదల 4.5 లీటర్లు. గరిష్ఠ శ్రమలో పీడనం 42, పారుదల 8.5 మాత్రమే. 20ని 4తో భాగిస్తే 5. నిమిషానికి లీటరు చొప్పున పెరిగిన ప్రతిసారీ పీడనం 5 పెరుగుతోంది. యూరప్ గుండె, ఊపిరితిత్తుల వైద్య సంఘాల 2022 మార్గదర్శకాల ప్రకారం 3 దాటితే శ్రమలో పుపుస పీడనం అసహజంగా పెరిగినట్టే.

ఆమె సామర్థ్యం ఎంత? నెత్తురులో లీటరుకు 130 మి.లీ. వాడుకుంటోంది అనుకోండి, అంటే కండరాలు తమ పని చేస్తున్నట్టే. 8.5ని 130తో గుణిస్తే 1,105. కిలోకు 18.4 మి.లీ. మొదటి మనిషికి కిలోకు 40. కండరాలు, గాలి బాగానే ఉన్నాయి. నెత్తురు రాలేదు, అంతే. ఆమె కుడి జఠరిక 42 మీద ఇంక తోయలేక ఆగిపోయింది, అది తోయకపోతే ఎడమ జఠరికకు తోయడానికి ఏమీ ఉండదు.

కుడి జఠరిక మీద ఇంత బరువు ఎందుకు పడుతుందో ఇంకో మోటు లెక్కతో చూడండి. పీడనాన్ని పారుదలతో గుణిస్తే పని తీరు తెలుస్తుంది. మొదటి మనిషి ఎడమ జఠరిక: కూర్చుంటే 93 ఇంటూ 5, అంటే 465. పరుగులో సగటు బీపీ 115 అనుకుంటే 115 ఇంటూ 18.7, సుమారు 2,150. నాలుగున్నర రెట్లు. కుడి జఠరిక: కూర్చుంటే 14 ఇంటూ 5, 70. పరుగులో 30 ఇంటూ 18.7, 561. ఎనిమిది రెట్లు! మొత్తంలో ఎడమదే పెద్ద పని, కానీ తన అలవాటుతో పోలిస్తే ఎక్కువ శ్రమపడేది సన్నగోడ కుడి జఠరికే. ఆరోగ్యవంతుడికే ఇలా ఉంటే, ఏటవాలు 5 ఉన్నామె సంగతి ఊహించుకోండి.

ఎత్తుకు పోతే

పుపుస నాళాలకు ఒక విడ్డూరమైన అలవాటుంది. ఒంట్లో మిగతా చోట్ల ఆక్సిజన్ తగ్గితే నాళాలు వ్యాకోచిస్తాయి. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ తగ్గితే ముడుచుకుంటాయి. పిల్లుల మీద ప్రయోగాలు చేసి 1946లో ఈ సంగతి రాసినవాళ్లు స్వీడన్‌కు చెందిన వాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్. న్యుమోనియా వచ్చి ఒక మూల గాలి ఆడకపోతే అటు నెత్తురు పంపడం దండగ, కాబట్టి ఆ మూల నాళాలు ముడుచుకుంటే లాభం. కొండ మీద మాత్రం మూల కాదు, ఊపిరితిత్తులు మొత్తం తక్కువ ఆక్సిజన్‌లో ఉంటాయి. మొత్తం ముడుచుకుంటుంది. అడ్డు పెరుగుతుంది. కుడి జఠరిక మీద పడుతుంది.

లేహ్, కేదార్‌నాథ్ రెండూ దాదాపు 3,500 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదాంట్లో మూడింట రెండు వంతులే. గరిష్ఠ వ్యాయామ సామర్థ్యం దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. ఇందులో పెద్ద భాగం నెత్తురులో ఆక్సిజన్ తగ్గడం వల్ల, మిగిలినదాంట్లో పుపుస నాళాలు ముడుచుకోవడానికీ పాత్ర ఉంది. ఎంత పాత్ర అన్న దానికి 2004లో వచ్చిన ఒక పరిశోధన మంచి ఆధారం. ఎవరెస్ట్ బేస్ క్యాంపులో 14 మంది ఆరోగ్యవంతులైన పర్వతారోహకులకు పుపుస నాళాలను సడలించే సిల్డెనాఫిల్ ఇస్తే పుపుస పీడనం తగ్గి, వ్యాయామ సామర్థ్యం పెరిగింది. ఊపిరితిత్తుల నాళాలు వ్యాయామానికి పగ్గం వేయగలవని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. (యాత్రకు ముందు ఆ మాత్ర మీ అంతట మీరు వేసుకోవద్దు. గుండె నొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లకు అది ప్రాణాంతకం.)

1985లో అమెరికాలోని నాటిక్‌లో కొందరు వాలంటీర్లను గదిలో ఉంచి, గాలి పీడనాన్ని వారాల తరబడి తగ్గించుకుంటూ ఎవరెస్ట్ శిఖరం దాకా ‘ఎక్కించారు’. పుపుస ధమని పీడనం విశ్రాంతిలో 15 నుంచి 34కు, గట్టి శ్రమలో 33 నుంచి 54కు పెరిగింది. విశ్రాంతిలో 34 అంటే కింద మైదానంలో దాన్ని జబ్బు అంటాం. లాసాలో పుట్టి పెరిగిన టిబెటన్లలో మాత్రం 3,658 మీటర్ల ఎత్తులోనూ ఈ పీడనం దాదాపు మామూలుగానే ఉందని 1993లో తేలింది. తరతరాలుగా ఆ ఎత్తులో బతికినవాళ్ల నాళాలకు ఆ ముడుచుకునే అలవాటు తగ్గింది.

ఈ పీడనం మరీ పెరిగి, కేశనాళికల్లోంచి నీరు వాయుగోణుల్లోకి కారడం ఎత్తు ప్రాంతాల్లో వచ్చే ప్రమాదం. 1962 యుద్ధం నాటి నుంచి హిమాలయాల ఎత్తుకు పంపిన మన జవాన్లలో సైనిక వైద్యులు దీన్ని విస్తారంగా చూశారు. తెలుగు రాష్ట్రాల నుంచి చార్‌ధామ్, అమర్‌నాథ్ వెళ్లే పెద్దవాళ్ల విషయంలో నా మాట ఒక్కటే: హెలికాప్టర్‌లో ఎక్కి అరగంటలో దర్శనం చేసుకుని దిగితే ఒక సంగతి. అక్కడే రాత్రి ఉండాలనుకుంటే దారిలో మధ్య ఎత్తున ఒకటి రెండు రాత్రులు ఆగి ఎక్కండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ వస్తే, దిగడమే మొదటి వైద్యం.

సాధనతో ఏది మారుతుంది, ఏది మారదు

నాలుగైదు నెలలు పద్ధతిగా పరిగెత్తితే గుండె ఒక్కో కొట్టుకోవడంలో ఎక్కువ నెత్తురు తోస్తుంది, ఒంట్లో నెత్తురు పరిమాణం పెరుగుతుంది, కండరాల్లో కేశనాళికలు, మైటోకాండ్రియా పెరుగుతాయి. ఊపిరితిత్తులు? దాదాపు ఏమీ మారవు. పెద్దయ్యాక వాయుగోణులు కొత్తగా పెరగవు, పుపుస కేశనాళికలు కూడా పెద్దగా పెరగవు. అందుకే సాధన ముదిరేకొద్దీ గుండె ఊపిరితిత్తులను మించిపోయి, పైన చెప్పిన మేటి క్రీడాకారుల పరిస్థితి వస్తుంది.

“ప్రాణాయామంతో ఊపిరితిత్తుల కెపాసిటీ పెరిగి పరుగు పెరుగుతుంది” అన్న మాట అందుకే నాకు ఒప్పదు. ప్రాణాయామం మనసు నెమ్మదింపజేస్తుంది, శ్వాస కండరాలకు పని ఇస్తుంది, చేయండి. దానికి పరుగు సాధన మానేయకండి. ఇంకో సంగతి: పుపుస నాళాల అడ్డు అన్నిటికన్నా తక్కువగా ఉండేది మామూలుగా ఊపిరి వదిలి ఆగిన స్థితిలో. నిండుగా ఊపిరి పట్టినా, పూర్తిగా ఖాళీ చేసినా అడ్డు పెరుగుతుంది. బరువులెత్తేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఊపిరి బిగపట్టడం కుడి జఠరికకు అనవసరపు శిక్ష. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి.

ఎకో రిపోర్టులో ఒక లైను

ఎవరికీ ఊరికే గొట్టం పెట్టరు. ఎకోలో ఆర్‌వీఎస్‌పీ అని ఒక అంకె ఉంటుంది, కుడి జఠరిక ముడుచుకున్నప్పటి పీడనం అది. కుడి జఠరిక, కర్ణికల మధ్య కవాటంలోంచి కాస్త నెత్తురు వెనక్కి చిమ్ముతుంది, దాని వేగం సెకనుకు ఎన్ని మీటర్లో కొలిచి, వర్గం చేసి, 4తో గుణించి, కుడి కర్ణిక పీడనం కలుపుతారు. వేగం 2.4 అనుకోండి: 2.4 వర్గం 5.76, నాలుగుతో గుణిస్తే 23, దానికి 5 కలిపితే 28.

ఇక్కడే చాలామంది బెదిరిపోతారు. “పుపుస పీడనం 20 దాటకూడదని చదివాను, నాకు 28 ఉంది!” ఆ 20 సగటు పీడనానికి గీసిన గీత (2018కి ముందు అది 25 ఉండేది). ఎకో ఇచ్చే 28 సగటు కాదు, గుండె ముడుచుకున్నప్పటి పై పీడనం. సగటుకు మార్చాలంటే 0.61తో గుణించి 2 కలపండి: 19. ఇంక టెన్షన్ అక్కర్లేదు. వేగం 2.8 లోపు ఉంటే, ఇతర లక్షణాలు లేకపోతే మామూలు అనుకోవచ్చు. 3.4 దాటితే గట్టిగా అనుమానించాలి. ఎకో అంచనా 10 అటూ ఇటూ తప్పొచ్చు కూడా, ఒక్క రిపోర్టుతో జబ్బు అంటగట్టుకోవద్దు.

మన దేశంలో ఈ లైను ముఖ్యంగా చూడాల్సింది చిన్నప్పటి కీళ్లవాతపు జ్వరం వల్ల ఎడమ కర్ణిక, జఠరికల మధ్య కవాటం ఇరుకైన ఆడవాళ్లలో. గర్భం వచ్చి నెత్తురు పరిమాణం పెరిగినప్పుడే చాలామందికి ఆయాసం మొదటిసారి బయటపడుతుంది. అడ్డు ఊపిరితిత్తుల అవతల ఉన్నా, పీడనం వెనక్కి ఎగదన్ని ఊపిరితిత్తుల మీదే పడుతుంది.

ఈ వారం అభ్యాసం

ఇంట్లో చేయాల్సింది. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటర్ ఏ డ్రాయర్లోనో ఉంటుంది, తీసి బ్యాటరీ మార్చండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలు, వెచ్చగా ఉండాలి. ఐదు నిమిషాలు కూర్చుని అంకె రాసుకోండి. చదునైన చోట ఆరు నిమిషాలు మీ వేగంతో గట్టిగా నడవండి, పరిగెత్తకండి. ఎంత దూరం నడిచారో, ఆగగానే ఆక్సిజన్, పల్స్ ఎంతో, రెండు నిమిషాల తర్వాత ఎంతో రాయండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆక్సిజన్ దాదాపు కదలదు. 4 పాయింట్లు, అంతకన్నా ఎక్కువ పడితే ఇంకో రోజు మళ్లీ చూసి, అప్పుడూ పడితే డాక్టరుకు చూపించండి. ఛాతీ నొప్పి, శ్రమలో కళ్లు తిరిగి పడిపోవడం, కాళ్ల వాపు ఉన్నవాళ్లు ఈ పరీక్ష ఇంట్లో చేయొద్దు, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. ఆపరేషన్ తర్వాతో, చాలా గంటల ప్రయాణం తర్వాతో ఉన్నట్టుండి ఆయాసం వస్తే అది ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన నెత్తురు కావొచ్చు. అప్పుడు లెక్కలు కాదు, అంబులెన్స్.

కాగితం మీద చేయాల్సినవి రెండు.

1. ఒక సైక్లిస్టు గుండె నిమిషానికి 35 లీటర్లు తోస్తోంది, పుపుస కేశనాళికల్లో 210 మి.లీ. నెత్తురు ఉంది. కణం గాలి పక్కన ఎంతసేపు ఉంది? ఇది సగటు మాత్రమే, కొన్ని కణాలు ఇంతకన్నా తొందరగా దాటిపోతాయి. వాటికి ఏమవుతుంది?

2. పైన చెప్పిన ఆమె అంకెలే, పీడనం 22 నుంచి 42కు, పారుదల 4.5 నుంచి 8.5కు, ఇద్దరికి వచ్చాయి అనుకోండి. మొదటామెకు వెడ్జ్ పీడనం విశ్రాంతిలో 8, శ్రమలో 12. రెండో ఆమెకు విశ్రాంతిలో 15, శ్రమలో 30. ఏటవాలు ఇద్దరికీ 5. ఇద్దరికీ రెండు స్థితుల్లోనూ అడ్డు ఎన్ని వుడ్ యూనిట్లో కట్టండి. ఊపిరితిత్తుల నాళాల్లో లోపం ఎవరిది? ఇంకొకరి లోపం ఎక్కడుంది?

జవాబులు ఐదో పాఠం మొదట్లో. ఆ పాఠం హిమోగ్లోబిన్ గురించి, మీ ఈమధ్య రక్తపరీక్ష రిపోర్టు దగ్గర పెట్టుకుని కూర్చోండి.